గృహ లైనక్స్ శాఖ, శబ్ద విభాగం

స్వేచ్ఛ కోసం మానవజాతి చేసిన పోరాటాల్లో అన్నిటికన్నా సుదీర్ఘమైనది ఒక అద్దె ఇంటి హాల్లో, కిటికీ పక్కన, ఒక కాలు పొట్టిగా ఉన్న బల్ల మీద జరిగింది. అది ఇంకా ముగియలేదు. ప్రాణనష్టం లేదు గానీ ఒక ప్రింటరు పోయింది.

ఈ పోరాటానికి నాయకుడు ఆ ఇంటి పట్టభద్రుడు. ఆ వంశంలో డిగ్రీ అనే మాట జ్వరం చూసేటప్పుడు కాక మరో సందర్భంలో వినబడటం అతనితోనే మొదలు. చదివింది వృక్షశాస్త్రం, చేసేది నీటి సరఫరా కార్యాలయంలో గుమాస్తా పని. అయినా బంధువుల్లో ఎవరి ఫోన్ మొరాయించినా "చదువుకున్నవాడివి, నీకు తెలీకపోవడమేంటి" అంటూ అతని దగ్గరికే తెచ్చేవారు. తెలీదు అనడం కుటుంబ పరువుకు సంబంధించిన విషయం కనుక అతను ఆ మాట ఏనాడూ అనలేదు. ఫోన్లు మాత్రం వచ్చినప్పటికంటే కొంచెం నీరసంగా తిరిగి వెళ్లేవి.

లైనక్స్ అనేది ఊరికే దొరికే ఆపరేటింగ్ సిస్టమ్. ఎవరికీ ఏమీ కట్టనక్కర్లేదు, ఎవరైనా విప్పి చూసుకోవచ్చు. అది డిస్ట్రోలనే రకరకాల కట్టలుగా వస్తుంది. ఒక్కో కట్టకీ ఒక్కో పేరు, ఒక్కో గుంపు అభిమానులు. పట్టభద్రుడు ఇంటి కంప్యూటర్ మీద వీటిని మార్చిన తీరు చూస్తే, అద్దె ఇళ్లు మారేవాళ్లు కూడా ఇంత తరచుగా సామాను సర్దరని అర్థమవుతుంది. మారిన ప్రతిసారీ ఇంట్లోవాళ్లు చెంచాలెక్కడ, గిన్నెలెక్కడ అన్నట్టు తమ ఫైళ్లు వెతుక్కునేవారు. ఒకసారి మాత్రం ఒక డిస్ట్రోలో వైఫై, ప్రింటరు, పాటలు, అన్నీ వాటంతటవే పనిచేశాయి. అతను కొన్నాళ్లు చూశాడు, అనుమానం వచ్చింది, తీసేశాడు.

పరిపాలన సజావుగా సాగడానికి అతను ఇంట్లో కొన్ని నిబంధనలు పెట్టాడు. "పనిచేయడం లేదు" అనే ఫిర్యాదు చెల్లదు. ఏం చేశారు, ఏం జరగాలనుకున్నారు, ఏం జరిగింది, తెరమీద ఏ అక్షరాలు కనిపించాయి అనేవి వరుసగా చెప్పాలి. అతను అన్నం తింటున్నప్పుడు ఫిర్యాదులు స్వీకరించబడవు (అన్నం మానేసి బాగుచేస్తున్నప్పుడు అన్నం గురించిన ఫిర్యాదులూ స్వీకరించబడవు). ఈ నిబంధనల ప్రకారం మొదటి ఫిర్యాదు అతని భార్యే చేసింది. ప్రింటరు నొక్కాను, కాగితం రావాలనుకున్నాను, రాలేదు, తెరమీద అక్షరాలు కనిపించాయి గానీ అవి చదివేలోపు మీరొచ్చి అడ్డంగా నిలబడ్డారు, అని. అది అసంపూర్ణమని తిప్పి పంపాడు.

ఇలా ప్రశాంతంగా గడుస్తున్న ఆ ఇంట్లో చెల్లెలికి ఇంటర్వ్యూ వచ్చింది.

ఆసుపత్రిలో ఫిర్యాదుల కౌంటర్ ఉద్యోగం. ఉద్యోగం కోసం ఆ పిల్ల చాలా చోట్లకి రాసింది, చాలా చోట్ల నుంచి ఏ జవాబూ రాలేదు. ఇది కూడా పోతే ఇక వీధి చివర కొట్లో కూర్చుని ఫొటోకాపీలు తీయడమే అని ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనలేదు. ఇంటర్వ్యూ వీడియోలో. పదకొండింటికి. ముందురోజు స్నేహితురాలితో మాట్లాడి సరిచూసుకుంది. బొమ్మ వచ్చింది, మాట వెళ్లింది, మాట వచ్చింది. అన్నీ బాగున్నాయి.

సమస్య సరిగ్గా అక్కడే ఉంది. పొద్దున్నే కంప్యూటర్ తెరిచిన పట్టభద్రుడికి మూలన ఒక చిన్న గుర్తు కనిపించింది. కొత్త అప్‌డేట్లు వచ్చాయట. చెల్లెలి భవిష్యత్తు పాత వెర్షన్ మీద ఆధారపడటం అన్నగా అతనికి నచ్చలేదు. నొక్కాడు.

పక్కన కాఫీ తాగుతున్న తండ్రి, పూర్వాశ్రమంలో బస్సు కండక్టరు, అదేంట్రా అని అడిగాడు. మెరుగుపరుస్తున్నాను అన్నాడు. నిన్న బాగానే ఉందిగా అన్నాడు తండ్రి. ఇంకా బాగుంటుంది అన్నాడు కొడుకు. తండ్రి గ్లాసు పట్టుకుని వరండాలోకి వెళ్లిపోయాడు. ఆ ఇంట్లో ఈ మాట విన్నాక మనుషులు వరండాలోకి వెళ్లడం అలవాటు.

కంప్యూటర్ ఆగి, మళ్లీ లేచింది. బొమ్మ ఉంది. మాట లేదు. సౌండ్ సెట్టింగుల్లో స్పీకర్ పేరు ఉండాల్సిన చోట 'డమ్మీ అవుట్‌పుట్' అని ఉంది.

"డమ్మీ అంటే ఏంటన్నయ్యా?" అంది చెల్లెలు, జడ అల్లుకుంటూ వచ్చి.

"అంటే శబ్దం వెళ్తుంది. కాకపోతే ఎక్కడికీ వెళ్లదు."

"మా యూనియన్ అర్జీల్లాగా," అన్నాడు తండ్రి వరండాలోంచి.

పట్టభద్రుడు కంగారు పడలేదు. కంగారు పడటానికి ముందు చేయాల్సిన పనులు చాలా ఉన్నాయి. తెరమీద ఆజ్ఞలు టైపు చేసే నల్లటి కిటికీ తెరిచి ఆజ్ఞలు ఇచ్చాడు. తెలిసినవి అయిపోయాక తెలియనివి ఇచ్చాడు. మైకు కూడా మాయమైంది. అప్పుడిక పెద్దల దగ్గరికి, అంటే ఇంటర్నెట్‌లో ఉండే అభిమానుల సహాయ వేదిక దగ్గరికి వెళ్లి ప్రశ్న పెట్టాడు. ఆ వేదికలో అతను మామూలు సభ్యుడు కాడు, సహాయ పర్యవేక్షకుడు. జీతం లేదు, పేరు పక్కన ఒక నక్షత్రం ఉంది.

జవాబు రెప్పపాటులో వచ్చింది. వెనక నిలబడిన భార్య పైకి చదివింది. ప్రియమైన సభ్యా, మీ ప్రశ్న ఇదివరకే పరిష్కారమైన ప్రశ్నను పోలి ఉన్నందున మూసివేయడమైనది. అడిగే ముందు వెతకడం కనీస మర్యాద.

"ఎవరండీ వీడు?" అందావిడ. "ఇంట్లో వీడి మాట ఎవరూ వినరనుకుంటా. ఇక్కడ చూపిస్తున్నాడు."

"ఎవరో బాధ్యత తెలిసినవాడే అయ్యుంటాడు," అన్నాడు పట్టభద్రుడు. ఆ నిబంధన కోరి పెట్టించిందీ, ఆ వాక్యాలు రెండు ఆదివారాలు కూర్చుని దిద్దిందీ అతనే.

కింద ఆ పాత ప్రశ్నకు లింకు ఇచ్చారు. నొక్కాడు. అదే కంప్యూటర్ మోడల్, అదే డమ్మీ అవుట్‌పుట్, అడిగినతను పడిన బాధ కూడా అదే. చివర ఒక వాక్యం ఉంది: సమస్య తీరింది, అందరికీ ధన్యవాదాలు.

"ఎలా తీరిందట?" అంది భార్య.

"రాయలేదు."

"అదేం మనిషండీ?"

పట్టభద్రుడు ఆ మనిషి పేరూ, దాని పక్కన నక్షత్రమూ ఉన్న భాగం తెరమీద కనిపించకుండా కొంచెం పైకి జరిపాడు. తీరిన ఆనందంలో మర్చిపోయి ఉంటాడు పాపం, అన్నాడు.

పదకొండు కావొస్తోంది. చెల్లెలు ఇంటర్వ్యూకి ఫోన్‌లోనే కూర్చోనా అని మెల్లిగా అడిగింది. ఆసుపత్రివాళ్లు ఫోన్ అయినా పరవాలేదన్నారు. పట్టభద్రుడు ఆమెవైపు చూసిన చూపు, కోట తలుపులు తీసేద్దామా అని అడిగిన సైనికుణ్ణి సేనాని చూసే చూపు. ఇంకొక్క నిమిషం, అన్నాడు. ఈ నిమిషం ఆ ఇంట్లో ప్రత్యేకమైన కొలత. దానికీ గడియారానికీ సంబంధం లేదు.

వదినామరదళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. తర్వాత ఇద్దరూ అక్కడ లేరు. వంటింట్లో గట్టుమీద పిండి డబ్బాకి వదిన ఫోన్ ఆనించారు, వెనక వేలాడే గరిటెలు తీసేశారు, తలుపు ఓరగా వేశారు. చెల్లెలు స్టూలు మీద కూర్చుని నమస్కారమండీ అంది.

హాల్లో పోరాటం ఒంటరిగా కొనసాగింది. పట్టభద్రుడు శబ్దానికి సంబంధించిన వాటన్నిటినీ పీకేశాడు, మళ్లీ పెట్టాడు. కనిపించిన ప్రతి వాల్యూమునూ ఆఖరుదాకా జరిపాడు. ఎందుకైనా మంచిదని టీవీ పక్కనుండే పెద్ద స్పీకర్లు తెచ్చి తగిలించాడు. తర్వాత స్పీకర్లను పరీక్షించే ఆజ్ఞ ఇచ్చాడు.

"ఫ్రంట్ లెఫ్ట్," అని ఒక స్త్రీ కంఠం ఇంటి పునాదులకు వినబడేలా ప్రకటించింది. "ఫ్రంట్ రైట్."

పట్టభద్రుడి కళ్లు చెమర్చాయి. లేచి, ఈ వార్త చెప్పడానికి చెల్లెల్ని వెతుక్కుంటూ వంటింటి దాకా పరిగెత్తి, ఓరవాకిలి దగ్గర ఆగిపోయాడు. లోపల ఫోన్‌లోంచి ఒక పెద్దావిడ గొంతు వినిపిస్తోంది.

"ఎవరమ్మా అది?"

"మా అన్నయ్య అండి. అంటే, గొంతు ఆయనది కాదు. కంప్యూటర్ బాగుచేస్తున్నారు."

"ఏమైంది దానికి?"

"నిన్నటిదాకా బాగానే ఉందండి."

వెనక హాల్లో ఆ స్త్రీ కంఠం ఎవరూ ఆపనందువల్ల మళ్లీ ఎడమ నుంచి మొదలుపెట్టింది.

"సరే, దీని మీదే అడుగుతాను," అంది పెద్దావిడ. "మా కౌంటర్‌కి ఇలాంటివాళ్లు రోజూ వస్తారు. బాగున్నదాన్ని చేతులారా పాడుచేసుకుని, మన మీదికొస్తారు. తప్పు మీదే అంటే ఒప్పుకోరు. ఏం చేస్తావు?"

"తప్పెవరిదో మాట్లాడనండి," అంది చెల్లెలు. ఆలోచించుకోవడానికి ఆగనైనా లేదు. "ముందు మీరు చాలా కష్టపడ్డారు అంటాను. ఆ మాటకి మెత్తబడతారు. వాళ్లు మిగతాది చెప్పుకుంటూ ఉండగానే, వాళ్లకి తెలీకుండా పని ఇంకో దారిలో కానిచ్చేస్తానండి."

"ఇదంతా ఎక్కడ నేర్చుకున్నావు?"

"ఇంట్లోనేనండి."

తలుపు ఇవతల పట్టభద్రుడికి చెప్పాల్సిన శుభవార్త ఇంకా నోట్లోనే ఉంది. కాసేపటికి చెల్లెలు ఫోన్ పెట్టేసి బయటికొచ్చి అతన్ని చూసింది.

"సౌండ్ వచ్చిందమ్మా," అన్నాడు.

"చాలా కష్టపడ్డావు అన్నయ్యా," అంది చెల్లెలు.

ఉద్యోగం వచ్చింది. అందులో అన్నయ్య కృషి ఎంతో ఉందని ఇంట్లో అందరూ ముక్తకంఠంతో ఒప్పుకున్నారు. అంతమంది అంత త్వరగా ఒప్పుకోవడం అతనికి కొంచెం ఇబ్బందిగానే అనిపించింది. చేరే రోజు పొద్దున చెల్లెలు బయల్దేరుతుంటే, ఫిర్యాదుల కౌంటర్‌లో ఆమెకు ఒక కంప్యూటర్ ఇస్తున్నారని తెలిసి, ఏదైనా సాయం కావాలంటే మొహమాటపడొద్దని చెప్పి, సాంకేతిక శాఖ తరఫున ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. దాంట్లో ఏ సిస్టమ్ వేశారు?

"పనిచేసేది అన్నయ్యా," అంది చెల్లెలు, చెప్పులు వేసుకుంటూ.