వంకరగా చుట్టు, కృపక్కా!

పనిని చక్కగా చేసే దురలవాటు నుంచి మనల్ని బయటపడేసే మహానుభావులు వచ్చేశారు. అందరూ సంతోషించండి! కుట్టు వంకరపోయిందని టైలరును, గోడ ఒరిగిందని మేస్త్రీని ఇక తిట్టకండి. మీకు తెలియక తప్పంటున్నారు గానీ, అది వింటేజ్!

నమ్మరా? అయితే బౌరంపేట్‌లోని విల్లాలో అన్వేష్ గారి మేడమీది గదికి వెళ్దాం. ఆయన అక్కడ బాస్ గిటార్ పికప్‌లు చేయిస్తారు. పికప్ అంటే గిటారు తీగల కింద ఉండే చిన్న నల్ల డబ్బీ. అందులో అయస్కాంతాలు, వాటి చుట్టూ వెంట్రుకకన్నా సన్నని రాగితీగ, కొన్ని వేల చుట్లు. గిటారు మోతను స్పీకరు దాకా పంపేది అదే.

కొత్తవి బజారులో బోలెడు. రసికులకు అవి పనికిరావు! అరవై ఏళ్ల కిందట అమెరికా ఫ్యాక్టరీలో చేసినట్టే ఉండాలి. అందుకని కొత్త స్క్రూలను ఉప్పునీళ్లలో వేసి తుప్పు పట్టిస్తారు. తీగ మీద చుట్టే కొత్త గుడ్డ టేపును టీ డికాక్షన్‌లో ముంచి మరకలు చేస్తారు. మన వంటింట్లో ఉచితంగా జరిగిపోయే పని! ఆ తుప్పునూ మరకలనూ పీచు పెట్టి తోముతూ కూర్చున్న మనం ఎంత అమాయకులం!

తీగ చుట్టడానికి ఆయనకు శామీర్‌పేట కృపమ్మ దొరికింది. భర్త అబ్రహాం వైండింగ్ షాపులో ఇరవై రెండేళ్లుగా బోరు మోటార్లకు తీగ చుడుతున్న మనిషి. తీగ మీద తీగ అడ్డం పడితే మోటారు కాలిపోతుందని ఆమె వేళ్లకు తెలుసు. మొదటిరోజు ఆమె చుట్టింది చూసి అన్వేష్ గారి ముఖం వాడిపోయింది.

“అక్కా, ఇంత నీట్‌గా ఉంటే ఎట్లా? వంకరగా చుట్టు.”

“వంకరనా సార్? ఎంత వంకర?”

“అప్పట్ల ఆ ఫ్యాక్టరీల ఆడోళ్లు ముచ్చట్లు పెట్టుకుంట చుట్టేటోళ్లు. చెయ్యి అటూ ఇటూ పోయేది. ఆ తప్పుల్లోనే సౌండ్‌కు ఆత్మ ఉంటది. నువ్వు గూడ సోయి లేకుండ చుట్టు!”

కృపమ్మకు తల తిరిగింది. కానీ షాపులో మిగిలేదానికి నాలుగింతల కూలి, ఎట్లా కాదంటుంది? ఫోన్‌లో సీరియల్ పెట్టుకుని చూసింది. కళ్లు సీరియల్ మీదున్నా వేళ్లు తిన్నగానే పోయాయి. చివరికి నాగారంలో ఉన్న చెల్లెలికి ఫోన్ కలిపింది.

“నా కూలర్ ఎప్పుడిస్తవే? నాలుగు దినాలని తీస్కపోయి నాలుగు నెలలాయె!”

ఆ కోపంలో చుట్టిన పికప్‌ను జర్మనీలో ఎవరో వాయించి, ఇందులో గాఢమైన వేదన ఉందని రాశాడట! అన్వేష్ గారు పొంగిపోయారు. “రోజూ మీ చెల్లెకు ఫోన్ చెయ్యక్కా. రీచార్జ్ నేను చేపిస్త!”

నెల తిరిగేసరికి కృపమ్మది కళాకారిణి చెయ్యి అయింది. ఇంటికొచ్చాక తొడుక్కోవడానికి వేరే చెయ్యి లేదు కదా? సాయంత్రం షాపులో రైతు యాదయ్య బోరు మోటారుకు అదే చేత్తో తీగ చుట్టింది. మూడోరోజు పొద్దున యాదయ్య దాన్ని ట్రాలీ ఆటోలో తెచ్చి దించాడు.

“ఏంది చెల్లె, గిట్ల జేసినవ్? నాటేసి వారం గాలె. మడి నెర్రెలు వడుతాంది!”

“చప్పుడు చేసిందా అన్నా?”

“చప్పుడా! ఊరంత ఇన్నరు. బర్రెలు తాళ్లు తెంపుకున్నయి!”

చూశారా యాదయ్య అజ్ఞానం! జర్మనీవాళ్లు కళ్లు మూసుకుని వినే ఆక్రోశం తన బోరులోంచే ఉచితంగా వస్తుంటే, ఈయన నీళ్లడుగుతాడు! మోటారుకు ఆత్మ వచ్చింది. నీళ్లు రాలేదు, అంతే కదా?

కృపమ్మ మోటారు విప్పింది. మాడిన తీగలో తన చెయ్యి తనకు కనబడింది.

“ఇయ్యాల బౌరంపేట్ పోవా?” అన్నాడు అబ్రహాం.

“గా మడి ఎండుతాంటె యాడికి పోవాలె? జరుగు.”

రెండుసార్లు చుట్టి రెండుసార్లూ విప్పేసింది. మూడోసారి చుట్టు పక్కనే చుట్టు కూర్చుంది. మర్నాడు బోరు దగ్గర స్విచ్ వేయగానే నీళ్లు దూకాయి. యాదయ్య పార పట్టుకుని మడి దగ్గరికి పరుగెత్తాడు, కృపమ్మ వైపు చూడనైనా లేదు. చక్కగా చుట్టిన మోటారు ఎవరి చెవినా పడదు. చెవిన పడని పనిని ఎవరు పొగుడుతారు? నాలుగింతల కూలి ఎవరిస్తారు?

సోమవారం కృపమ్మ బౌరంపేట్ వెళ్లింది. చెల్లెలితో గంటసేపు గట్టిగానే పోట్లాడింది. తీగ మాత్రం ఇసుమంతైనా పక్కకు జరగలేదు.

“ఇగ నాతోని గాదు సార్. చెయ్యి మల్ల తిన్నగైంది.”

అన్వేష్ గారు నిజంగానే కంగారుపడ్డారు. “అయ్యో! డాక్టర్‌కు చూపిద్దామా అక్కా?”

“నాకేం రోగమొచ్చింది సార్?” అని ఆమె చెప్పులేసుకుంది.

పాఠకులారా, మన దేశం ఒక గొప్ప కళాకారిణిని పోగొట్టుకుంది. ఆ దిగులేమీ లేకుండా యాదయ్య వరి మాత్రం పచ్చగా లేస్తోంది.