రెండు గంటల్లో మూడు వందల మీటర్లు

పాఠక మహాశయులారా, ఒళ్ళు అలవకుండా, ఆయాసం రాకుండా, అసలు కదలకుండా చెయ్యగల వ్యాయామం ఒకదాన్ని నేను కనిపెట్టాను. దాని పేరు నాలుగేళ్ళ పిల్లతో స్కీయింగ్!

నవ్వకండి. పోయిన ఆదివారం మా అమ్మాయి సిగ్నిని మొదటిసారి స్కీల మీద నిలబెట్టాను. నా చేతి గడియారం చెప్పిన ప్రకారం రెండు గంటల్లో మూడు వందల మీటర్లు వెళ్ళాం. మధ్యలో ఆ గడియారం 'వ్యాయామం ముగిసిందా?' అని నాలుగుసార్లు అడిగింది. తరవాత అడగడం మానేసింది. ఇంత ప్రశాంతమైన ఆదివారాన్ని మీలో ఎందరు ఎరుగుదురు?

ముందుగా బట్టల సంగతి. ఉన్ని చొక్కా, దాని మీద ఇంకో ఉన్ని చొక్కా, రెండు జతల మేజోళ్ళు, పైన నిలువెల్లా కప్పే మంచుకోటు. జిప్పు గడ్డం దాకా లాగి, హెల్మెట్ బిగించి, చేతులకు తొడుగులు తొడిగి హమ్మయ్య అనుకున్నాను.

"నాన్నా, ఒంటికొస్తోంది," అంది సిగ్ని.

మళ్ళీ మొదటినుంచి. సహనం నేర్పిస్తామని నెలల తరబడి క్లాసులు పెట్టేవాళ్ళున్నారు. మా గుమ్మం దగ్గర అది అరగంటలో వచ్చేస్తుంది!

ఇక మైనం. స్కీల అడుగున ఏ రంగు మైనం రాశాడన్నదాన్నిబట్టి మా నార్వేలో మగవాడి విలువ కడతారు. శనివారం సాయంత్రమంతా నేలమాళిగలో కూర్చుని, చలి ఎంతుంటుందో మూడు చోట్ల వాకబు చేసి, గట్టి చలికి పనికొచ్చే నీలం మైనం రాశాను. ఆదివారం పొద్దున్నకి చలి విరిగింది. పది అడుగులు వేసేసరికి పిల్ల స్కీల కింద జానెడు మంచు ముద్దకట్టింది.

"నాన్నా, చూడు, నేను పొడుగైపోయాను," అంది సిగ్ని, మురిసిపోతూ.

నేను మాత్రం మురిసిపోలేదు. ఎందుకంటే రెండు కిలోమీటర్ల పైన, కొండ మీది ఫలహారాల గుడిసెలో, మా నాన్న ఎదురుచూస్తున్నారు. మా వంశంలో ఒక నియమం ఉంది. ప్రతి పిల్లా మొదటిరోజే తన కాళ్ళ మీద ఆ గుడిసె చేరాలి. మా అక్క చేరింది. నేను చేరాను. ఎత్తుకుని తీసుకెళ్ళారంటే ఇక ఆ పిల్ల గురించి ఇంట్లో గొంతు తగ్గించి మాట్లాడుకుంటారు. అందుకే ఆ రోజు నాకు తగులుకున్న భయం ఇంతా అంతా కాదు.

"పదకొండింటికి వాఫుల్స్ చెప్పి ఉంచుతాను," అన్నారు ఆయన ఫోన్లో. మా నాన్న ఒద్వార్ గారు అంతకుమించి మాట్లాడగా ఎవరూ వినలేదు.

పదకొండయింది. మేం నూట యాభై మీటర్ల దగ్గర ఉన్నాం. చాక్లెట్ అప్పటికే అయిపోయింది.

ఈ ఆలస్యానికి కారణం మా ఆచారమే. మెట్ల మీద, బస్సులో, లిఫ్టులో ఎదురైనవాణ్ణి చూడనట్టు పోవడం మా మర్యాద. స్కీ బాట మీద మాత్రం, ఎందుకో తెలియదు, ప్రతివాడూ ప్రతివాణ్ణీ పలకరించాలి. ఒక్క 'హాయ్' అని జారుకుంటూ పోవాలి. ఆ జారుకుంటూ పోయే భాగం సిగ్నికి ఎవరూ చెప్పలేదు. పలకరింపంటే కబుర్లకి పిలుపనుకుంది.

"నీ పేరేంటి? నీ సంచిలో ఏముంది? నీకెందుకంత చెమట పట్టింది?"

ఒకావిడ ఆగి కమలాపండు ఒలిచి పెట్టింది. పోటీకి సాధన చేస్తున్న కుర్రాడొకడు ఆగి, వాళ్ళ కుక్క పోయిన సంగతి చెప్పి, కళ్ళు తుడుచుకుని వెళ్ళాడు. మా కింద వాటాలో ఆరేళ్ళుగా ఉంటున్న మనిషి ఎదురయ్యాడు. ఆయన పేరు తుర్స్టైన్ అనీ, అకార్డియన్ వాయిస్తాడనీ, రాత్రిళ్ళు మాకు ఇబ్బందేమోనని అల్మారాలో దూరి వాయించుకుంటాడనీ ఆ రోజే తెలిసింది. చూశారా లాభం! వేగంగా వెళ్ళేవాడికి ఇవన్నీ దక్కుతాయా?

"ఇక కదులుదామా తల్లీ? తాతయ్య చూస్తుంటారు," అన్నాను.

"స్కీయింగ్ చేస్తున్నాంగా," అంది, మంచులో చతికిలబడి.

పన్నెండున్నరకి పైనుంచి ఒక మనిషి నిటారుగా దిగివచ్చాడు. డెబ్బయి అయిదేళ్ళ వయసులో అలా దిగేది మా అడవిలో మా నాన్న ఒక్కరే. మా ముందు ఆగారు. నన్ను చూశారు. పిల్లని చూశారు. స్కీల కింది మంచుముద్దలు చూశారు.

"ఏ మైనం రాశావురా?"

"నీలం."

ఇంకేమీ అనలేదు. నా చిన్నతనమంతా ఆ ఏమీ అనకపోవడం కిందే గడిచింది. పిల్లని ఇక ఎత్తుకోవాలా, వెనక్కి ఇంటికి తీసుకెళ్ళాలా, ఏం చెప్పాలా అని నేను తంటాలు పడుతుండగా సిగ్ని తన పని మొదలుపెట్టింది.

"తాతయ్యా, నువ్వు మొదటిసారి స్కీలెక్కినప్పుడు పడ్డావా?"

"పడ్డాను."

"ఏడ్చావా?"

ఆపబోయాను. మా నాన్న ఏడవడమేమిటి? ఆయన కాళ్ళకు స్కీలతోనే పుట్టారని నేను నిజంగానే నమ్ముతూ వచ్చాను.

"ఏడ్చాను. గుక్కపట్టి ఏడ్చాను," అన్నారు ఆయన, పిల్ల పక్కన మంచులో కూర్చుంటూ. "మా అమ్మ చంకనేసుకుని గుడిసె దాకా మోసింది."

మరి ఆ వంశ నియమం ఎవరు పెట్టినట్టు?

"మీ నాన్న మాత్రం ఏడవలేదే," అన్నారు మళ్ళీ. "ఒక్క చుక్క లేదు. చక్కగా నా వెనకాలే వచ్చేశాడు. వీడు నాకంటే గట్టివాడనుకున్నా."

పాఠకులారా, ఆయన నన్ను మెచ్చుకోవడం నేను వినడం అదే మొదలు. ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. చిక్కల్లా ఏమిటంటే, ఆ రోజు నేను దారి పొడుగునా ఏడ్చాను. ఆయన ముందు వెళ్తున్నారు. మోకాళ్ళు వంచమని చెప్పారు గానీ ఒక్కసారీ వెనక్కి తిరిగి చూడలేదు. గుడిసె కనబడగానే ముక్కు తుడుచుకున్నాను.

సిగ్ని నా వైపు తిరిగింది. "నిజంగా ఏడవలేదా నాన్నా?"

మా నాన్న కూడా నా వైపు చూశారు. చెప్పడానికి అంతకంటే మంచి సమయం రాదు. నలభై దాటినవాణ్ణి. వారం వారం పత్రికలో ఊరందరికీ బుద్ధులు చెప్పేవాణ్ణి.

"ఇవాళ మంచు బాగుంది కదూ నాన్నా," అన్నాను.

"బాగుంది," అన్నారు ఆయన. "కాస్త తడిగా ఉందంతే."

"నేనడిగింది మంచు గురించి కాదు," అంది సిగ్ని.