పద్మినీ శకట భంగార్ విమోచనము

మా బావగారి మీద ఇది ఫిర్యాదు కాదు. పెద్దలను తూలనాడే అలవాటు మా పుట్టింట్లో లేదు. అది లేకపోవడం ఎంత నష్టమో అత్తగారింటికి వచ్చాకే నాకు తెలిసింది. కేశవులుగారు అన్నంలో పప్పు కలపకముందే పెరుగెక్కడని అడుగుతారు. పెళ్లికి వెళితే తలంబ్రాలు పడకముందే చెప్పులు వెతుక్కుంటారు. టీవీలో సీరియల్ మొదలవగానే చివరికి ఏమవుతుందో చెప్పమని ఇంటిల్లిపాదినీ వేధిస్తారు. లోకంలో ఏది ఎంత జోరుగా కదిలితే అది అంత గొప్పదని ఆయన సిద్ధాంతం. ఆ లెక్కన మా ఇంట్లో అందరికంటే గొప్పది బల్లి.

అట్టి మహానుభావుని సిద్ధాంతము ఒకానొక శుక్రవారము నాగావు రణక్షేత్రమున ఏ విధముగా మట్టి కరచెనో వినుడు.

రెండువేల సంవత్సరము పొడచూపగానే భూమండలములోని కంప్యూటర్లన్నియు ఏకకాలమున మూర్ఛిల్లునని పత్రికలు గగ్గోలు పెట్టుచున్న వేసవి అది. అహర్నిశ ఖటఖటారావ బధిరీకృత దిక్కుంజరంబై, కార్పాసధూళి ధూసరిత గగనాంగణంబై, ముంబాపురికి ఈశాన్యదిశను తేజరిల్లు భివండీ పట్టణరాజమునందు, తెలంగాణమునుండి తరలివచ్చిన తంతువాయ కుటుంబములకు నిలయమైన పద్మనగరమున, వారమునకొకనాడు విద్యుద్దేవత ముఖము చాటువేయుటచే మరమగ్గములన్నియు మౌనవ్రతము పట్టు శుక్రవారమొకటి తెల్లవారెను.

కేశవులుగారి ఇల్లాలును, మా తోటికోడలును అగు అలివేలక్కకు పాత కారు రూపమున ఒక రథము కలదు. దాని నామధేయము పద్మిని. కాగితములయందు దాని వర్ణము తెలుపు. కన్నులకు మాత్రము చాయ్ ఒలికిన ధోవతి రంగు. వెనుక తలుపును పాత చీర అంచుతో కట్టినారు. కిటికీ అద్దము దింపు పిడి ఎన్నడో రాలిపోవుటచే, వంటింటి పట్టకారు ఒకటి ఆ రథమున శాశ్వత నివాస మేర్పరచుకొన్నది. అయినను ఆ రథముననే ఆమె నూలు కండెల గంపలను నార్పోలిలోని మగ్గాల షెడ్డుకు చేరవేయును. మా అత్తగారు మల్లవ్వను మోకాళ్ల డాక్టరు కడకు కొనిపోవును. ఏ పనియు లేనినాడు ఖాడీ, అనగా సముద్రపు పాయ, మీది వంతెన దాక పోయి, నాలుగు గాలులు పీల్చి మరలివచ్చును. ఎక్కడికని అడుగువారు లేరు. ఎందుకని అడిగినను ఇంజను మోతలో వినబడదు. కోడండ్ల చరిత్రలో ఇంతటి స్వాతంత్ర్యము అరుదు.

ఇట్లుండ కేశవులుగారు అద్దమువలె మెరయు ఎస్టీమ్ శకటము నొకదానిని కొని, దాని తాళపుచెవిని మొలతాటికి కట్టుకొనిరి. అంతటితో ఆగక, పద్మినిని భంగారుకు, అనగా పాత ఇనుమునకు, తూచి ఇచ్చునట్లు విఠల్ అను వర్తకునకు మాట యిచ్చిరి.

"పోతె నేనెట్ల తిరగాలె?" అని అలివేలక్క అడిగెను.

"ఎస్టీమ్‌ల నేను తిప్పుత గదా!"

"నువ్వు తిప్పుతె నేను కూసుంట. కూసునుడు వేరు, తిరుగుడు వేరు."

ఈ తత్త్వవిచారము ముగియకమునుపే శుక్రవారము వచ్చెను. నాగావు వెనుక, గోదాముల కొరకు తారు పోసి, గోదాములు కట్టుట మరచిపోయిన రోడ్డొకటి కలదు. వేసవి శుక్రవారములందు పద్మనగర వాహనాధిపతులు అచట పందెములాడుకొందురు. దూరమున నిలిపిన ఖాళీ తారుడ్రమ్మును చుట్టి, రెండు పర్యాయములు తిరిగి రావలయును. గెలిచినవానికి కొబ్బరికాయ, ఓడినవానికి దానిని కొట్టుటకు రాయి వెదకెడి ఉద్యోగము. ఇన్నేండ్లుగా అందరివియు పాత బండ్లే. ఎవరును ఎవరినీ చిన్నచూపు చూడలేదు. చూచుటకు తగిన ఎత్తు ఎవరికిని లేకుండెను.

ఆనాడు కేశవులుగారు ఎస్టీమ్ బానెట్టుపై ఒక చేయి, నడుముపై ఒక చేయి మోపి, ప్రళయకాల మేఘగర్జనమును తలపించు కంఠస్వరమున ఇట్లు పలికిరి:

"ఇనుండ్రి! పందెమంటె ఉరుకుడు! ముసలోల్లు జాతరకు పోయినట్టు పక్కపక్కన పోతె గది పందెమా? జోరుంటెనే పోటీ, జోరు లేంది పోటీ లేదు! గీ యాడాది సంది జోరు బండ్లకే పందెం. డబ్బాలకు లేదు!"

డబ్బా అను శబ్దము రోడ్డుకు ఆ చివరనున్న పద్మినిని చేరెను. అలివేలక్క కొంగు బొడ్లో దోపుకొని ముందుకు వచ్చెను.

"జోరుంటె పోటీ ఎట్లయితది? జోరు బండి ముందుగాల పోతది, ఇంకోటి ఎనుక పోతది. గది పోటీ గాదు, ఒకలెనుక ఒకలు ఊరికి పోవుడు! పోటీ అంటె ఇద్దరు సమానముండాలె. జరంత తప్పు జేస్తె ఎనుకవడాలె, మల్ల తెలివి జూపిస్తె ముందటికి రావాలె. మెల్లగ పోయే బండ్లల్లనే గది అయితది."

"నీకేం తెల్సే కార్ల సంగతి?"

"నీకంటె పదేండ్లు ఎక్కువ నడిపిన. నువ్వు ఎనుక కూసొని నిద్రపోయినవ్."

సభాసదులు దగ్గుల మాటున నవ్వులు దాచుకొనిరి. ప్లాస్టిక్ కుర్చీయే సింహాసనముగా కూర్చున్న మా అత్తగారు కర్ర నేలకు తాటించి తీర్పు చెప్పిరి: "రెండు పెట్టుండ్రి. జోరుదొకటి, డబ్బాలదొకటి. లొల్లి ఒడుస్తది."

"పెట్టుండ్రి!" అని కేశవులుగారు మీసము దువ్వుచు ప్రతిజ్ఞ చేసిరి. "డబ్బాల పందెం జూసి ఒక్కడు, ఒక్కడంటె ఒక్కడు, కూసున్న కాడికెల్లి లేస్తె విఠల్‌ను ఉట్టిచేతుల తోలిస్త. పద్మిని ఇంట్లనే ఉంటది. లేవకపోతె గిక్కడికెల్లి సీద భంగారుకే!"

విఠల్ అప్పటికే టెంపోతో, మోకులతో సిద్ధముగా నుండి, పద్మిని టైర్లను కసాయివాని ప్రేమతో నిమురుచుండెను.

ప్రథమ సంగ్రామము ప్రారంభమయ్యెను. ఒకవంక కేశవులుగారి ఎస్టీమ్. మరొకవంక నూలు దళారి హరీశ్ నడుపు సియెలో. మా అత్తగారు "ఊఁ" అనిరి. ఆ మాట పూర్తికాక మునుపే రెండు శకటములును అదృశ్యములయ్యెను. ఉండిపోయినది దుమ్ము. అది పర్వతాకారమున లేచి, మేఘాకారమున వ్యాపించి, పొరుగింటి చంద్రవ్వ చాటలోని పల్లీలపై సవిస్తరముగా కూర్చుండెను. కేశవులుగారు మొదటనే ముందుపడిరి. పిమ్మటను ముందే యుండిరి. చివరను ముందే వచ్చిరి. వీరరసమును ఆపాదించుటకు నా వంటి సమర్థురాలు యత్నించినను ఇంతకుమించి ఒక్క వాక్యము దొరకలేదు.

ఆయన గిర్రున దిగి, "జూసిన్రా?" అనిరి.

చంద్రవ్వ కన్నులు నలుపుకొనుచు, "ఏంది, అయిపోయిందా? ఇంక మొదలువెడ్తరని జూస్తున్నం" అనెను.

"గెలిచిన!"

"ఎవల మీద?"

"హరీశ్ మీద!"

"హరీశేడి?"

హరీశ్ అప్పటికింకను దిగంతమున ఆవగింజ ప్రమాణమున నుండెను. అతడు వచ్చి చేరి, "మామా, నువ్వు ఎప్పుడొచ్చినవే?" అని విస్మయమొందెను. కేశవులుగారు జనులను చూచిరి. ఒక్కరును లేచి యుండలేదు. దత్తాత్రి అను కిరాణా వర్తకుడు మాత్రము నిలువబడి యుండుట గాంచి, "అగో! లేచిండు!" అని వ్రేలు చూపిరి; కాని అది లేచుట గాక అంగీ దులుపుకొనుటయని మా అత్తగారు త్రోసిపుచ్చిరి.

"మంచిగ ఉరికినవురా. మల్ల గీ పల్లీలు ఎవలు కడుగుతరు?" అని మాత్రము ఆమె అడిగిరి.

ఇక మందగామి మహాసంగ్రామము.

పద్మినికి ఎదురుగా నిలిచినది నర్సింగము అంబాసిడర్. నర్సింగము వరుసకు అలివేలక్కకు మరిది; దేహమున అంబాసిడర్‌కు సోదరుడు. అతని ప్రక్కన మంత్రిత్వము నెరపుటకు, షెడ్డులో మగ్గములు బాగుచేయు లస్మయ్య ఆసీనుడయ్యెను. మా అత్తగారు "ఊఁ" అనిరి. కొంతసేపు ఏమియు జరుగలేదు. పిమ్మట అంబాసిడర్ దగ్గెను. పద్మిని తుమ్మెను. ఉభయ వాహనములును ఒకదాని నొకటి ఓరగా చూచుకొనుచు, పెండ్లికి బయలుదేరిన వియ్యపురాండ్రవలె తొణకక బెణకక కదలెను. ఆ వేగమున పక్కపక్కన సాగు వీరులకు, పోరుతో పాటు సంభాషణకును తీరిక యుండును.

"వదినే!" అని నర్సింగము కిటికీలోనుండి సింహనాదము చేసెను. "పొయ్యి మీద కుక్కర్ కూత పెడ్తంది, ఇంటికి పో!"

"కూత గాదు మరిదీ, నీ ఇంజను మొత్తుకుంటంది. దిగి నూకు!"

"దిగి నూకినా నీకన్న ముందే పోత!"

"అయితె దిగు మల్ల!"

చంద్రవ్వ చాట ప్రక్కన పెట్టెను. తొలి చుట్టున డ్రమ్ము కడ అంబాసిడర్ అర బానెట్టు ముందుకు పోయెను. నర్సింగము గేరు మార్చుటలో ఒక్క రవ్వ ఆలస్యము చేయుటయు, పద్మిని ఆ సందున ముక్కు దూర్చెను. అలివేలక్క గుంత తప్పింపబోయి వెడల్పుగా తిరుగుటయు, అంబాసిడర్ పోగొట్టుకొన్న పరువును రాబట్టుకొనెను. ఎవరు చేసిన తప్పుకు వారు అక్కడికక్కడే శిక్ష అనుభవించుచుండిరి. పారిపోవుటకు చాలినంత వేగము ఎవరికిని లేదు.

మలి చుట్టు మొదలు కాగా నర్సింగమునకు మహోపాయ మొకటి స్ఫురించెను. అతడు లస్మయ్య చెవియందు నోరుంచి రహస్యముగా చెప్పెను. శ్రోతలారా, బ్రతుకంతయు మరమగ్గముల నడుమ గడపినవారికి గుసగుస యనగా నెట్టిదో తెలియదు. షెడ్డు ఘోషలో వారి పెనుకేకయే గుసగుస. శుక్రవారమున మగ్గములు ఆగినను వారి గొంతులు ఆగవు.

"లస్మయ్యా! ఎవలకు చెప్పకు! డ్రమ్ము కాడ బయటికెల్లి పోతున్నట్టు జేసి లోపటికెల్లి దూరుత!"

కాకులు లేచిపోయెను.

"మెల్లగ మాట్లాడు సేటూ! వదినె ఇంటది!" అని లస్మయ్యయు అంతే గోప్యముగా నాగావు నంతటిని హెచ్చరించెను.

"ఇన్న మరిదీ, దూరు!" అని అలివేలక్క జవాబిచ్చి, పద్మినిని డ్రమ్మునకు గోరంత ఎడముతో ఒరయించి లోపలి దారి మూసివేసెను. ఎస్టీమ్ వేగమున అట్టి రహస్యమును గాలి మ్రింగివేసెడిది. తాను ఎట్లు ఓడినదియు అలివేలక్కకు తెలియకపోయెడిది. రహస్యము పోగొట్టుకొన్న నర్సింగము నిజముగనే బయటినుండి పోయెను. పోయి, పల్లము దొరకుటచే మరల సమానమయ్యెను. రెండు దీపములు, రెండు పొగలు, రెండు తిట్లు ఒకే వరుసన గీతవైపు వచ్చుచుండెను.

అప్పుడు అందరికంటె ఎత్తుననుండి అరుపొకటి వినవచ్చెను.

"అలివేలూ! మూడో గేరెయ్యకు! రెండోట్లనే తొక్కు! గుంతకు ఎడమకెల్లి రా! ఎడమకే! తొక్కే తల్లీ, తొక్కు!"

అట్లరచినవాడు ఎస్టీమ్ బానెట్టుపై చెప్పుకాళ్లతో నిలిచి, భుజముపై తువ్వాలను సుదర్శనమువలె గిరగిర త్రిప్పుచుండెను. అతని పాదముల క్రింద ఆ అద్దమువంటి రేకు పళ్లెమువలె సొట్టవోయెను. అలివేలక్క కాపురమునకు వచ్చిన నాటినుండి మొట్టమొదటి పర్యాయము భర్త మాట విని, బండిని ఎడమకు త్రిప్పెను. ఆ కారణముననే ఓడెను. అంబాసిడర్ దీపపు అంచు మందమున ముందుగా గీత దాటెను.

జనులలో కూర్చున్నవారు లేరు. చంద్రవ్వ పల్లీలు నేలపాలై యుండెను. లస్మయ్య తలుపు తెరచుకొనక కిటికీలోనుండి దిగుచుండెను. ఎవరు గెలిచిరని సగము మంది, ఎట్లు గెలిచిరని సగము మంది కలహించుచుండగా, మా అత్తగారు తలపైకెత్తి తన పెద్దకొడుకును చూచిరి.

"కేశవులూ, కూసున్నవా బిడ్డా, నిలవడ్డవా?"

ఆయన తువ్వాలను వీపు వెనుక దాచుకొనిరి. "నేను... హరీశ్ యాడున్నడో అని జూస్తున్న అవ్వా."

"నీ పక్కనే ఉన్న మామా," అని హరీశ్ బానెట్టు రెండవ వైపునుండి పలికెను. అతడును నిలిచియే యుండెను.

విఠల్ మోకులు చుట్టుకొనుచు, "శేఠ్, గాడీ దేతా కా మీ జాఊ?" అని, ఇత్తువా పొమ్మందువా యని నిలదీసెను. కేశవులుగారు పొమ్మని కనుబొమ్మతో సైగచేసిరి. టెంపో ఉత్తచేతులతో మరలెను.

సకల దిక్పాలకులు ఆలకింతురుగాక! బరిలో దిగిన రెండు శకటములయందు రెండవదిగా నిలిచి, కొబ్బరికాయకు మారుగా రాయి వెదకెడి ఉద్యోగము పొంది, పద్మినీ మహారథము దిగ్విజయము సాధించెను! అలివేలక్క రాయి వెదకుటకు దిగనే లేదు. పట్టకారుతో అద్దము పైకెత్తుకొని, ఆ ఊపుననే ఖాడీ వంతెనవైపు సాగిపోయెను. ఎక్కడికని ఎవరును అడుగలేదు.

కేశవులుగారు మెల్లగా బానెట్టు దిగి, తల్లి కుర్చీ ప్రక్కన వంగి, చెవిలో ఏదియో చెప్పిరి. మరమగ్గాలవారిలో నిజముగా గుసగుసలాడిన ప్రథమ పురుషుడు ఆయనయే.

వంటింట ఆవకాయ జాడీ మూత కదలిన చప్పుడును వీధి అరుగుపైనుండి పోల్చగల మా అత్తగారు, చెవిపై చేయి యొడ్డి, "ఏందిరా? ఇనవడ్తలేదు" అనిరి.

ఆయన మరికొంత గట్టిగా చెప్పిరి.

"గాలికి పోతంది బిడ్డా. ఇంక జర గట్టిగ."

నర్సింగము కొబ్బరికాయ దించెను. చంద్రవ్వ పల్లీలు ఏరుట మానెను. కేశవులుగారు నలుదెసలు పరికించి, దారి యేదియు కానక, కన్నులు గట్టిగా మూసికొని, షెడ్డులో అన్ని మగ్గములు ఒక్కసారిగా ఆడునపుడు ఉపయోగించు కంఠమున అరచిరి:

"తప్పు నాదేనే అవ్వా! అలివేలు చెప్పిందే నిజం! జోరు బండ్లల్ల పోటీ లేదు, డబ్బాలల్లనే ఉంది! తప్పు నాదే!"