ఉమ్మడి టవరు

టవర్ల ఉమ్మడి వినియోగ పథకం ఆ కాలనీలో దిగ్విజయంగా అమలైంది. నాలుగు ఫోన్ కంపెనీలు నాలుగు మూలలా టవర్లు నిలబెట్టి ఇనుమూ, కరెంటూ, తరంగాలూ దుబారా చేస్తున్నాయని పై అధికారులు ఎంతో నొచ్చుకుని, ఇకపై ఒకరి టవరును ఒకరు వాడుకోవాలని ఆదేశించారు. కంపెనీలు ఆ మాట జవదాటలేదు. పక్కవాడిది ఉండగా మనదెందుకని ప్రతి కంపెనీ తన టవరును విప్పుకుని పట్టుకుపోయింది. పొదుపు సంపూర్ణమైంది.

అభినందన సభలో పెద్దాఫీసరు ఖాళీ ఆకాశం వైపు చెయ్యి చాపి, "తరంగాలు జాతి సంపద! ఈ కాలనీలో ఇవాళ ఒక్క తరంగం కూడా వృథా కావడం లేదు!" అన్నారు. అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది కాలనీ సంఘం సెక్రటరీగారు. కొడుతూనే జేబులో ఫోను చూసుకుని గతుక్కుమన్నారు. పొరుగూరి ఆసుపత్రిలో కూతురికి నొప్పులు మొదలయ్యాయని పొద్దున్నే అల్లుడు చెప్పాడు. ఆ తర్వాత ఫోను మూగబోయింది.

ఎక్కడిదో దూరపు సిగ్నలు వాటర్ ట్యాంకు నిచ్చెన చివరి మెట్టు మీద మాత్రం ఒక గీత అందుతోంది. సంఘం వెంటనే అక్కడ క్యూ పెట్టింది. ఆదర్శం కోసం కార్యవర్గ సభ్యులు క్యూలో అందరికన్నా వెనక నిలబడాలని రూలు రాసింది సెక్రటరీగారే. పైన ఒకావిడ మాట్లాడుతోంది.

"అక్కా, వినపడుతోందా? ఏం లేదే, వినపడుతోందో లేదో అని చేశా."

"అమ్మా, మా అమ్మాయికి పురుడు! కాస్త దిగు తల్లీ!"

"అయ్యో, ముందే చెప్పకూడదా అన్నయ్యగారూ! ఉండండి, ఈ సంగతి అక్కకి చెప్పి దిగిపోతా."

చివరికి ఆయన వంతు వచ్చింది. "ఆడపిల్ల, మావయ్యగారూ! ఇద్దరూ క్షేమం!" అన్నాడు అల్లుడు. సెక్రటరీగారు నిచ్చెన మీదే భోరుమన్నారు. కిందవాళ్లూ కళ్లు తుడుచుకున్నారు.

దిగీ దిగగానే మీటింగు పెట్టారు. "ఇవాళ నా గతి రేపు ఇంకెవరికీ పట్టకూడదు! ఒక్క టవరు చాలు, నాలుగు కంపెనీలూ పంచుకుంటాయి!" చేతులన్నీ లేచాయి. కబురందుకుని వచ్చిన కంపెనీ ఇంజనీరు సంతోషించి, పాత జాగాల్లో అప్పటికే కాలనీవాళ్ల కార్లు నిలబడ్డాయి కాబట్టి ఎవరి డాబా ఇస్తారని అడిగాడు. చేతులన్నీ దిగాయి. అందరూ సెక్రటరీగారి వైపు చూశారు. అందరికన్నా ఎత్తయిన డాబా ఆయనదే.

"మా డాబా మీదా?" ఆయన కుర్చీలోంచి లేచారు. "ఇంటికి పసిగుడ్డు వస్తోందండీ! ఆ కిరణాలు పడితే?"

సభ ఆయన బాధను అర్థం చేసుకుంది. టవరును తక్షణం పక్క కాలనీలో నిలబెట్టాలన్న తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది.

అన్నట్టు, మీ డాబా ఖాళీయేనా?