పొట్టి కారు కడుపు కింద

నేలకు జానెడైనా ఎత్తులేని కారు కొనుక్కోనివాడు మోక్షానికి అర్హుడు కాడని నా దృఢాభిప్రాయం!

నవ్వకండి. ఏలూరు కోర్టులో పదిహేనేళ్లుగా వాదిస్తున్న ప్లీడర్ని. ఆధారం లేకుండా మాట్లాడను. ఎత్తు కారులో కూర్చున్నవాడికి కళ్లు నెత్తికెక్కుతాయి. నా కారులో కూర్చుంటే దారిన పోయే దూడ కూడా మనల్ని చిన్నచూపు చూస్తుంది. ఇంతటి వినయం ఏ పురాణశ్రవణం వల్ల అబ్బుతుంది చెప్పండి?

ఇక దేహశ్రమ! చింతలపూడి రోడ్డులో బండిచాళ్ల నడుమ ఉండే మిట్ట నా కారు పొట్టను ఒరుసుకోనిదే వదలదు. అందుచేత నెలకోసారైనా కిందికి దూరి బోల్టులు బిగించుకోవాలి, ఆయిలు మార్చుకోవాలి. డ్రిల్లు మాస్టరు కూడా చేయించలేని వ్యాయామం!

దూరడమెలా అంటారా? నా పొట్టా, కారు పొట్టా ఒక్కచోట ఇమడవు. కారును ఎత్తాల్సిందే. పోయిన శ్రావణంలో వాన వెలిసిన ఉదయం పెరట్లో స్క్రూజాకీ పెట్టి, కారు ముందుభాగం లేపి, తల లోపలికి దూర్చాను. నా భార్య కామేశ్వరి వసారాలో నిలబడి చూస్తోంది.

"ఏవండీ, కాఫీ చల్లారిపోతోందండీ!"

"వస్తున్నానుండు."

"ఇప్పుడే రండి. మళ్లీ వెచ్చబెట్టను!"

గొణుక్కుంటూ బయటికి పాకాను. రెండడుగులు వేశానో లేదో, వెనక దభీమంది. జాకీ నల్లమట్టిలో ఒరిగి కూరుకుపోయింది. అంతకుముందు నా తల ఉన్నచోట ఇప్పుడు ఇంజను ఉంది.

వంటింట్లోకి వెళ్లాను. పొయ్యి మీద పాలైనా లేవు.

"కాఫీ ఏదీ?"

"లేదండీ. జాకీ ఒరుగుతోందంటే మీరు వాదనకు దిగుతారు. కాఫీ అంటే వస్తారు," అని కొంగు మొహానికి అడ్డుపెట్టుకుని ఏడ్చేసింది.

పదిహేనేళ్ల ప్రాక్టీసులో ఇంత చురుగ్గా నేనొక్క కేసూ గెలవలేదు!

ఆ సాయంత్రమే మిషన్ బడికి బెంచీలు చేసే వడ్రంగి ఎలీయాజరును పిలిపించాను. జాకీకి బదులు కారును పైకెక్కించడానికి అతను మొదట చేసిన ఏటవాలు బల్లలు కురచవి. చక్రం ఎక్కకముందే కారు ముక్కు వాటికి కొట్టుకుంది. అతను నొచ్చుకోలేదు.

"ముక్కు బాగా కిందికుంది కదండీ, వాలు సాగాలండీ," అని తాటి దూలాలు చెక్కి నాలుగు గజాల పొడవున మళ్లీ చేశాడు.

వాటిని గట్టి ఇటుక నేల మీద పరిచి, ఎదర ఎవరూ లేకుండా చూసి, నన్ను మెల్లగా ఎక్కించమన్నాడు. ముందు చక్రాలు పైనున్న చదునుకు చేరాక బ్రేకు వేయించి, వెనక చక్రాలకు చెక్క దిమ్మలు బిగించాడు.

"ఇప్పుడు దూరనా?"

"ఆగండి ప్లీడరుగారూ. ముందు గట్టిగా కుదపండి. పడేదుంటే మనం బయట ఉన్నప్పుడే పడుతుందండీ."

కుదిపాం. కామేశ్వరి కూడా వచ్చి, కొంగు నడుముకు బిగించి, తన వంతు తోపు తోసింది. కదల్లేదు. "ఇహ వెళ్లండి," అని ఆవిడ సెలవిచ్చాకే దూరాను.

హాయిగా వెల్లకిలా పడుకుని పైకి చూద్దును కదా, కారు పొట్టనిండా గాట్లే! చింతలపూడి రోడ్డు మొత్తం అక్కడ మ్యాపు గీసి ఉంది. ఆ రోడ్డు బాగుచేయించండి బాబూ అని జిల్లా బోర్డువారికి మూడేళ్లుగా అర్జీలు పెట్టుకుంటున్న సంగతి మీకు చెప్పనేలేదు కదూ? మొన్ననే జవాబు దయచేశారు.

"రోడ్డు సక్రమముగానే యున్నది. తమ వాహనమే పొట్టిది. దానిని ఎత్తు చేయించుకొనవలెను."

మహాప్రసాదం! ఆ కాగితం ఎలీయాజరుకు చదివి వినిపించి, చింతలపూడి దాకా వరసగా ఈ బల్లలే పరవగలవా అని అడిగాను.

అతను చెవి మీది పెన్సిలు తీసి, చెక్కముక్క మీద చాలాసేపు ఏదో గీసుకున్నాడు.

"ముప్పై మైళ్లండీ... జిల్లాలో తాటిచెట్లన్నీ కొట్టినా చాలవండీ. దానికంటే రోడ్డు వెయ్యడమే సులువేమోనండీ!"