లేని రోజు మారకపు రేటు

ఆ ఉదయం పెనీనా మూడు పనులు పెట్టుకుంది. టాలా, పాంగాల మారకపు రేట్ల చరిత్రను పది గంటలకల్లా పట్టికగా అచ్చు తీయడం మొదటిది. రెండు దేశాల లెక్కలు సరిచూడటానికి టోంగా నుంచి వచ్చే అతిథికి దాన్ని అందించడం రెండోది. సాయంత్రానికి రికార్డుల విభాగం అధికారిణి కుర్చీలో కూర్చోవడం మూడోది. దానికోసం కొత్త పులెటాసి కూడా కుట్టించుకుంది. సమోవా టాలాకు టోంగా పాంగా ఎంత పలుకుతుందో అపియాలోని ఆ ఆఫీసులో ఇరవై రెండేళ్లుగా రోజూ రాస్తున్నది ఆమే. అయినా పెద్ద అధికారి టవీటా మెలిక పెట్టనే పెట్టాడు. "అతిథి పట్టిక మీద సంతకం పెట్టాడా, కుర్చీ నీది. పెట్టలేదా, మా మేనల్లుడు ఉండనే ఉన్నాడు."

ఎనిమిదిన్నరకు కంప్యూటరు మొరాయించింది. 2011 డిసెంబరు 30 ఎదుట గడి ఖాళీగా ఉందట. అది నిండితే గానీ అచ్చు తీయదట. ఖాళీగా కాక ఎలా ఉంటుంది? ఆ ఏడాది దేశం దేశమంతా తేదీరేఖకు అటునుంచి ఇటు దూకింది. గురువారం రాత్రి పడుకున్నవాళ్లు శనివారం పొద్దున లేచారు. మధ్యలో రావాల్సిన శుక్రవారం సమోవాకు రానే లేదు. పెనీనా కంప్యూటరును బతిమాలింది, తిట్టింది. అది ససేమిరా అనేసరికి విసుగెత్తి ఒక సున్నా కొట్టింది.

పట్టిక వచ్చింది. దాంతోపాటు వచ్చిన గీతల బొమ్మలో టాలా నలభై నాలుగేళ్లు బుద్ధిగా నడిచి, ఆ ఒక్కరోజు నిట్టనిలువునా నేల మీద పడింది. మర్నాడు ఏమీ ఎరగనట్టు లేచి మళ్లీ నడిచింది. సరిగ్గా అప్పుడే టవీటా గదిలోకి వచ్చాడు.

"ఇదేంటి? మన టాలాను చంపేసి మళ్లీ బతికించావా?"

"ఆ రోజు లేదు కదండీ!"

"లేదని నాకు తెలీదా? టోంగావాళ్ల ముందు మన డబ్బు చచ్చిందని చూపిస్తామా? ముందురోజు రేటే వేసెయ్, పీడా పోతుంది!"

వేసింది. డెబ్బై నాలుగు సెనితీలు, అంటే టోంగా పైసలు. పీడ మాత్రం పోలేదు. రేటు ఉన్నచోట దాన్ని ఖరారు చేసిన అధికారి పేరు కూడా ఉండాలి కాబట్టి, అప్పట్లో ఆ పని చూసిన టవీటా పేరును కంప్యూటరు తనంతట తానే అచ్చేసింది.

హాజరు పుస్తకం చూసే లూపే కోకో కప్పు పట్టుకుని వచ్చి పట్టికలోకి తొంగి చూసింది.

"అక్కా, ముప్పయ్యో తారీఖున పెద్దాయన ఆఫీసుకొచ్చాడా?"

"రోజే రాలేదు, ఆయనెలా వస్తాడే?"

"మరి పేరుందే! లేని రోజని మనందరికీ ఊరికే జీతమిచ్చారు గుర్తుందా? ఇప్పుడు ఆ రోజు ఉందని తేలితే, మనం ఇంట్లో కూర్చుని తిన్నట్టేగా!"

పావుగంటలో ఆఫీసంతా గుప్పుమంది. పద్నాలుగు మంది టవీటా గదిలో పోగయ్యారు. ఆ రోజు తనకు జ్వరమని ఒకడు, సెలవు చీటీ పెట్టానని మరొకడు ప్రమాణం చేయడానికి సిద్ధపడ్డారు. టవీటా తన పేరును అచ్చులో రెండుసార్లు చదువుకున్నాడు. చదివిన కొద్దీ ఆయనకు నమ్మకం కుదిరింది.

"అంటే ఆ రోజు నేనొక్కణ్ణే పనిచేశానన్నమాట! మీరంతా ఎక్కడ చచ్చారు?"

వాచ్‌మన్ ఇఓసెఫా వెనకనుంచి చెయ్యెత్తాడు. "ఒక్కరే ఎలా అవుతారు బాబూ? గేటు తీసింది నేను కాదూ? ఆ రోజు డ్యూటీ డబ్బులు ఇంకా రాలేదు."

ఇక లాభం లేదనుకుని, గడిని మళ్లీ ఖాళీ చేయడానికి పెనీనా కంప్యూటరు దగ్గరికి పరుగెత్తింది. అంతలో బయట కారు హారన్ మోగింది. టవీటా పట్టికను లాక్కుని అతిథికి ఎదురెళ్లాడు.

టోంగా అతిథి సియోసైయా భారీ మనిషి. వాళ్ల ఆచారం ప్రకారం నడుముకు చాప చుట్టుకుని, చంకలో తన దేశపు పాత పుస్తకం పెట్టుకుని దిగాడు. స్వాగతంగా ఇచ్చిన అవా పానీయం తాగి, రెండింటినీ పక్కపక్కన పరిచి వేలితో చూస్తూ పోయాడు.

"ఇది తేడా. ఇదీ తేడానే. మీకు గురువారమైతే మాకు శుక్రవారం, ఎలా కలుస్తాయిలెండి!" అని గట్టిగా నవ్వాడు. వేలు 2011 డిసెంబరు చివరికి రాగానే ఆ నవ్వు ఆగిపోయింది.

పెనీనా ముందుకొచ్చింది. కుర్చీ పోతే పోయింది. ఇరవై రెండేళ్లలో తాను రాసిన ఒకే ఒక్క అబద్ధం పరాయివాడి వేలికింద పట్టుబడటం ఆమెకు చచ్చేంత సిగ్గనిపించింది. "అయ్యా, అది నేనే ఇవాళ పొద్దున…"

"అచ్చు తీసింది!" అని టవీటా అందుకున్నాడు.

సియోసైయా అవేమీ వినలేదు. ఆయన కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. "డెబ్బై నాలుగు! నా పుస్తకంలోనూ డెబ్బై నాలుగే! ఆ శుక్రవారం మాకు వచ్చిందమ్మా. మీకు ఫోన్ చేస్తే మీ గురువారం రేటు చెప్పారు. మా తారీఖు వేసి రాసుకున్నాను. సమోవాకు లేని రోజున సమోవా రేటు ఎక్కణ్ణుంచి తెచ్చావని ఎనిమిదేళ్లుగా నన్ను దొంగను చూసినట్టు చూస్తున్నారు, ప్రమోషన్ ఆపేశారు. పుణ్యం కట్టుకున్నావు తల్లీ! ఇంతకీ ఆ రోజు మీ ఆఫీసులో ఎవరున్నారు?"

"నేనే" అన్నారు టవీటా, ఇఓసెఫా ఒక్కసారే.

పెనీనా మళ్లీ నోరు తెరిచింది. ఆ పెద్దమనిషి చెంపల మీద కన్నీళ్లు చూసి మూసుకుంది.

సాయంత్రం ఆమె కొత్త కుర్చీలో కూర్చుంది. బల్ల మీద ఇఓసెఫా డ్యూటీ డబ్బుల అర్జీ, దానికింద అతిథి సంతకం చేసిన పట్టిక ఉన్నాయి. సంతకం పైన ఆయన స్వదస్తూరీతో ఇలా రాశాడు: "2011 డిసెంబరు 30 రేటు సరిపోయింది. మిగిలిన రోజులన్నీ విభాగాధికారిణి మొదటినుంచి సరిచూడవలెను."