ఏడో నంబరు మంచం అల్లుడు

ఆ రోజు పొద్దున్నే అతను వేసుకున్న పథకం చాలా చిన్నది. బస్సు దిగాలి. బ్రోకరు చూపించే గదిలో సంచి పడేసి, మొహం కడుక్కుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కొత్త ఉద్యోగంలో చేరాలి. మధ్యాహ్నానికల్లా భార్యకు ఫోన్ చేసి "అంతా కుదిరింది, బయల్దేరండి" అని చెప్పాలి. ఇందులో బస్సు దిగడం ఒక్కటే అనుకున్నట్టు జరిగింది.

బ్రోకరు చూపించిన గది మెట్ల కింద ఉంది. నిలబడితే తలకు మెట్టు తగులుతుంది, పడుకుంటే కాళ్ళకు గోడ తగులుతుంది.

"కూచుంటే ఏ ఇబ్బందీ ఉండదండీ," అని ధైర్యం చెప్పాడు బ్రోకరు.

అద్దె ఎంతో విన్నాక అతను నిజంగానే కూచున్నాడు. చుట్టపక్కాలంతా కుళ్ళుకున్న ఆ మంచి జీతంలో ముప్పాతిక భాగాన్ని ఈ కన్నమే మింగేస్తుంది.

"దీనికంటే తక్కువలో లేవా?"

"లేకేం? ఊరు దాటాక ఇంకో ఊరొస్తుంది. అది కూడా దాటాక ఉన్నాయి."

అతను లిఫ్టుల మెకానిక్కు. పాత కంపెనీ మూతపడి ఏడాది దాటింది. అప్పట్నుంచీ భార్య, కూతురు బావమరిది ఇంట్లో ఉంటున్నారు. ఆ ఇంటి ఇల్లాలు నోరు తెరిచి పొమ్మనలేదు, కానీ వీళ్ళు స్నానానికి వెళ్ళిన ప్రతిసారీ బయట నిలబడి బకెట్ల చప్పుడు వింటుంది. ఇప్పుడు ఎవరి పుణ్యమో, సూపర్‌వైజరు ఉద్యోగం దొరికింది. దీన్ని వదులుకుంటే ఇంకోటి దొరికే వయసు కాదు. అతను సంచి భుజాన వేసుకుని తిన్నగా ఆఫీసుకే వెళ్ళాడు.

మేనేజరు మంచివాడే గాని, ఎవర్నీ ఒక పట్టాన నమ్మే మనిషి కాదు.

"మన పనిలో ఒకటే షరతు. లిఫ్టులో ఎవరైనా ఇరుక్కుంటే మీరు పరిగెత్తుకొచ్చేంత దగ్గర్లో ఉండాలి. మీకు ముందున్నాయన ఊరవతల నుంచి వచ్చేవాడు. ఆయనొచ్చేసరికి లోపలున్న పెద్దాయన సొమ్మసిల్లిపోయాడు. ఇంతకీ మీరెక్కడ దిగారు?"

మేనేజరు వెనక కిటికీలోంచి పెద్ద ఆసుపత్రి బోర్డు కనిపిస్తోంది.

"ఆసుపత్రి పక్కనే సార్."

"భేష్! ఆ ఆసుపత్రి లిఫ్టులే మన ప్రాణం తోడేస్తున్నాయి. వెళ్ళి చూడండి. ఒక్క మాట. అబద్ధం చెప్పేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. పని రాకపోతే నేర్పిస్తాను, అబద్ధమాడితే మాత్రం పంపించేస్తాను."

అతను సాయంత్రం దాకా లిఫ్టు గుంటలో నూనెలో, దుమ్ములో దొర్లాడు. పని అయ్యాక వార్డు బయట బెంచీ మీద సంచి ఒళ్ళో పెట్టుకుని కూలబడ్డాడు. ఇక ఎక్కడికి వెళ్ళాలో తెలియదు. వాచ్‌మన్‌కు మాత్రం స్పష్టంగా తెలుసు.

"పేషంటు తాలూకు అయితే ఉండు. కాకపోతే బయటికి నడు."

సరిగ్గా అప్పుడే వార్డు తలుపు తెరుచుకుంది. పెద్ద సిస్టర్ తల బయట పెట్టి, రోజూ అడిగి అడిగి విసిగిపోయిన గొంతుతో, "ఏడో నంబరు మంచం తాలూకు ఎవరైనా వచ్చారా?" అని అరిచింది. జవాబు వస్తుందన్న ఆశ ఆమెకే లేదు.

అతని చెయ్యి అతన్ని అడక్కుండానే లేచింది.

"వచ్చారా! ఏమవుతారు?"

కొడుకునంటే ముక్కూ మొహమూ పోల్చి చూస్తారు. అల్లుడికి ఆ బాధ లేదు.

"అల్లుణ్ణండి."

"ముసలాయన రోడ్డు మీద పడిపోతే ఎవరో పుణ్యాత్ములు తెచ్చి పడేశారు. మాటా పలుకూ లేదు, కన్ను తెరవడు. ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావయ్యా?" అని సిస్టర్ చెడామడా దులిపేసింది. దులిపి ఒక పాసు చేతిలో పెట్టింది. ఆ పాసు ఉన్నవాడికి పేషంటు మనుషుల హాల్లో ఒక చాప, ఒక దుప్పటి, పొద్దున్నే వేణ్ణీళ్ళు. అన్నీ ఉచితం. అతను తిట్లన్నీ తలొంచుకుని భక్తిగా విన్నాడు. అద్దె కింద తిట్లు పుచ్చుకునే ఇంటివాళ్ళు ఈ రోజుల్లో ఎక్కడ దొరుకుతారు?

మర్నాటి నుంచి అతని దినచర్య గడియారంలా నడిచింది. పొద్దున్నే ముసలాయన ఒళ్ళు తుడిచి, పక్కకు తిప్పి పడుకోబెట్టి, గొట్టంలో పాలు పోసి, తల దువ్వి, డ్యూటీకి వెళ్ళేవాడు. సాయంత్రం వచ్చి మళ్ళీ అదే పని. పాసు నిలబడాలంటే పని చూపించాలి కదా. భార్య ఫోన్ చేస్తే వరండాలోకి వెళ్ళి మాట్లాడేవాడు.

"గది ఎలా ఉంది?"

"విశాలంగానే ఉంది. నీళ్ళకి ఇబ్బంది లేదు. చుట్టూ జనం, భయం లేదు."

"మమ్మల్నెప్పుడు తీసుకెళ్తావ్?" ఆమె గొంతు తగ్గించింది. "పిల్లని సోఫా మీద కూచోవద్దందట వదిన. ఇవాళ నేలమీదే కూచుని హోంవర్కు చేసింది."

"కొద్ది రోజులు ఓపిక పట్టు," అన్నాడతను. ఫోన్ పెట్టేసి పాల గ్లాసు కడగడానికి వెళ్ళాడు.

అసలు చిక్కు ఎనిమిదో నంబరు దగ్గర మొదలైంది. ఆ మంచం మీద ఉన్నది ఒక రిటైరైన డ్రైవరు. ఆయన భార్యను వార్డంతా పెద్దమ్మ అంటుంది. పెద్దమ్మ కళ్ళు గద్ద కళ్ళు, నోరు మైకు.

"ఏం అల్లుడూ, కన్నకూతురు ఒక్కసారీ రాలేదేం?"

"తండ్రీకూతుళ్ళకి మాటల్లేవు పెద్దమ్మా," అన్నాడు అతను అప్పటికి గట్టెక్కడానికి.

అదే ప్రశ్న సిస్టర్ అడిగినప్పుడు "నిండు నెలలండి" అని ఉన్నాడు. ఆడవాళ్ళిద్దరూ టీ తాగుతూ లెక్కలు సరిచూసుకున్నారు. రెండు అబద్ధాలు కలిసి ఒక మహా సత్యమై కూచున్నాయి. నిండు నెలల కూతుర్ని ఇంట్లోంచి గెంటేసిన కసాయి ఈ ఏడో నంబరు! అయినా పగ పెట్టుకోకుండా సేవ చేస్తున్న దేవుడు ఈ అల్లుడు!

ఆ సాయంత్రం పెద్దమ్మ ఏడో నంబరు ముందు నిలబడి, చీరకొంగు బిగించింది.

"వినపడదులే అని ఊరుకుంటాననుకోకు. కడుపుతో ఉన్న పిల్లని గెంటుతావా? నీ గొంతులో పాలు పోస్తున్నదెవరో తెలుసా? థూ!"

తెలివిలేని ముసలాయన్ని వార్డంతా తలో మాటా అంది. అతను మధ్యలో నిలబడి "పోనివ్వండి, పెద్దవారు" అంటుంటే, ఆ మంచితనానికి జనం ఇంకా రెచ్చిపోయారు. ఇక వార్డులో మిగిలిన అల్లుళ్ళకు గడ్డుకాలం దాపురించింది. ఒకాయన స్నానాల గది దగ్గర అతన్ని గోడకు ఆనించి నిలబెట్టాడు.

"అన్నా, నీకు దణ్ణం పెడతా. ఆ తల దువ్వడం ఒక్కటి మానెయ్. మా ఆవిడ నాకు దువ్వెన కొనిచ్చింది."

ఇంతలో ఒక ఉదయం ఆసుపత్రి పెద్ద డాక్టరు ఎక్కిన లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయింది. కబురు అందీ అందకముందే అతను సబ్బు నురగతో, మెడలో తువ్వాలుతో ప్రత్యక్షమై డాక్టర్ని బయటికి లాగేశాడు. రొప్పుతూ వచ్చిన మేనేజరుకు ఇది నమ్మశక్యం కాలేదు.

"ఇంత త్వరగా ఎలా వచ్చారయ్యా?"

అతను నోరు తెరిచేలోపే పెద్దమ్మ మైకు అందుకుంది. మొదటి నుంచీ చివరిదాకా, లేని ముక్కలు కూడా కలిపి చెప్పింది. మేనేజరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"మా అల్లుడు నాకు జ్వరమొచ్చిందంటే, ఫోన్ వాళ్ళావిడ చేతిలో పెట్టి తప్పుకున్నాడు. మీ ఉద్యోగం ఇవాళే ఖాయం చేస్తున్నానయ్యా. ఇలాంటి మనిషి అబద్ధమాడడు."

అతను తువ్వాలుతో మొహం మీది నురగ తుడుచుకున్నాడు.

మర్నాడు డాక్టరు పిలిచాడు. ముసలాయన తలలో రక్తం గడ్డ కట్టింది. ఆపరేషన్ చెయ్యకపోతే పోతాడు. చేస్తే బతకొచ్చు, బతక్కపోవచ్చు. దగ్గరివాళ్ళు సంతకం పెట్టాలి.

అతను పెన్ను పట్టుకుని మంచం వైపు చూశాడు. ముసలాయన పోతే పాసు పోతుంది. బతికి కళ్ళు తెరిస్తే "ఎవడు వీడు?" అంటాడు, అప్పుడు పాసూ పోతుంది, ఉద్యోగమూ పోతుంది. ఏమీ చెయ్యకుండా ఇలాగే ఉంచేస్తే కొన్నాళ్ళు అందరూ ఇలాగే ఉండొచ్చు. ఈ ఆలోచన వచ్చాక అతనికి తన మీద తనకే అసహ్యం వేసింది. చాప కోసం ఒక మనిషి చావును లెక్క కట్టే దాకా వచ్చాడన్న మాట. అతను గబగబా సంతకం గీకి, వరండాలోకి వెళ్ళి కుళాయి కింద తల పెట్టాడు.

ముసలాయన బతికాడు.

కళ్ళు తెరిచిన రోజు వార్డంతా మంచం చుట్టూ మూగింది. మొండి మామ ఇప్పుడైనా పశ్చాత్తాపపడతాడా అని చూడ్డానికి పెద్దమ్మ అందర్నీ తోసుకుని ముందుకొచ్చింది. అతను గుమ్మం దగ్గర సంచి సర్దుకుని నిలబడ్డాడు. పరిగెత్తడానికి ఏ మెట్లు దగ్గరో అప్పటికే చూసి పెట్టుకున్నాడు.

"అడుగో మీ అల్లుడు," అని సిస్టర్ గుమ్మం వైపు చూపించింది. ముసలాయన చూపు ఒక్కొక్క మొహమే దాటుకుంటూ వచ్చి అతని మీద ఆగింది. పెదవులు కదిలాయి.

"అల్లుడూ..."

పెద్దమ్మ గొల్లుమంది. సిస్టర్ ముక్కు చీదింది. దువ్వెన అల్లుడు కూడా కళ్ళు ఒత్తుకున్నాడు. ఏడవనిది అతనొక్కడే.

భోజనాల వేళ వార్డు ఖాళీ అయ్యాక ముసలాయన వేలితో దగ్గరికి పిలిచాడు.

"నాకు పెళ్ళే కాలేదు నాయనా," అన్నాడు నెమ్మదిగా. "కళ్ళు తెరవలేకపోయినా కొన్నాళ్ళుగా అన్నీ వినిపిస్తున్నాయి. ఆవిడెవరో ఉమ్మేసింది కూడా తెలుసు."

"క్షమించండి..."

"క్షమాపణ దేనికి? నీ చేతులు లేకపోతే నేను పుండ్లు పడి పోయేవాణ్ణి. ఏళ్ళ తరబడి ఉన్న గది, అద్దె పెంచి ఖాళీ చేయించారు. ట్రంకుపెట్టె మోసుకుంటూ నడుస్తున్నా, అంతవరకే గుర్తుంది. అందుకే కళ్ళు తెరవగానే అనుకున్నా, ఈ మహానుభావుడెవరో గాని గట్టిగా పట్టుకోవాలని." ఆయన కళ్ళు చెమర్చాయి. "మీ ఇంట్లో ఓ మూల చాలు బాబూ. తిండి కూడా కొంచెమే తింటా."

అతను చాలాసేపు దుప్పటి అంచు సరిచేశాడు.

"నాకు ఇల్లు లేదు బాబాయ్."

"అదేంటి?"

"ఇక్కడ చాప ఇస్తారని అల్లుణ్ణయ్యా."

ముసలాయన పొట్ట కదలడం మొదలైంది. నవ్వో ఏడుపో తెలియలేదు. "తాను దూర కంత లేదు, మెడకో డోలు," అన్నాడు ఎగశ్వాస మధ్య. "నేనే నాయనా నీ డోలు!"

ఆ రోజు నుంచి ఇద్దరూ ఒక్కటై రోగాన్ని కాపాడుకోవడానికి కష్టపడ్డారు. ముసలాయన డాక్టరు వచ్చినప్పుడల్లా మూలిగేవాడు. నడిపిస్తే పడబోయేవాడు, అతను పట్టుకోబోయేవాడు. కానీ రాజోపచారం లాంటి ఆ సేవకు ఒళ్ళు మాట వినలేదు. బుగ్గలు నిండాయి, రంగు తేలింది. ఎవరూ లేరనుకుని అవతలి కిటికీ దాకా షికారు వెళ్ళొస్తుండగా సిస్టర్ చూసేసింది.

"ఏం తాతా! ఆపరేషన్ చేయించుకున్న కుర్రాళ్ళే ఇంత చురుగ్గా నడవరు," అని మురిసిపోయి, డిశ్చార్జి కాగితం రాయించేసింది.

వెళ్ళే రోజు వార్డు వార్డంతా మెట్ల దాకా వచ్చింది. పెద్దమ్మ తన దుప్పటి ఒకటి బలవంతంగా సంచిలో కుక్కింది.

"ఇంటికెళ్ళాక కూతురితో సవ్యంగా ఉండు ముసలోడా. పురుడయ్యాక కబురు పెట్టు అల్లుడూ."

అతను ముసలాయన్ని బస్టాండు దాకా నడిపించి, అక్కడ ఏదో ఒకటి ఆలోచిద్దామనుకున్నాడు. గేటు దగ్గర కారు హారన్ మోగింది. మేనేజరు స్వయంగా దిగి వెనక తలుపు తెరిచి నిలబడ్డాడు.

"తల ఆపరేషన్ అయిన మనిషిని నడిపించి తీసుకెళ్తారా? నేనుండగానా? ఎక్కండి మామగారూ. ఎలాగూ పక్కనేగా, ఇల్లు కూడా చూసినట్టుంటుంది. అమ్మాయి చేతి కాఫీ తాగందే కదలను."

"వద్దు సార్, మీకెందుకు శ్రమ..."

"ఎక్కవయ్యా!"

ఎక్కారు. కారు గేటు దాటింది. ముసలాయన దుప్పటి కింద అతని చెయ్యి వెతికి పట్టుకున్నాడు. అతని జేబులో ఫోన్ మోగుతోంది, భార్యే. అతను ఎత్తలేదు.

నిజం చెప్పేయాలని నోరు తెరిచాడు. ఎదురుగా అద్దంలో మేనేజరు మొహం కొత్త పెళ్ళికొడుకులా వెలిగిపోతోంది. నోరు మూసుకుంది.

"చెప్పండి," అన్నాడు మేనేజరు. "ఎటు తిప్పమంటారు?"

అల్లుడు మామగారి వైపు చూశాడు. మామగారు అల్లుడి వైపు చూశాడు.

"తిన్నగా పోనివ్వండి సార్."

అదృష్టవశాత్తూ ఆ రోడ్డు చాలా దూరం తిన్నగానే ఉంది.